పెట్టె రంగూన్‌లో, పొయ్యి కారైకుడిలో

మూడేళ్ళకోసారి ఇంటికొచ్చే వ్యాపారి, 1930లో కుప్పకూలిన ధాన్యం ధర, ఆ ధరకు ముడిపడిన మూడు రకాల కుటుంబాలు: నాటుకోట చెట్టియార్ల బర్మా కథ

కారైకుడి కుర్రవాడు రంగూన్ ఓడ ఎక్కేముందు ఒక జీతం చీటీ రాసుకునేవాడు. ఎవరి తరఫున పనిచెయ్యాలి, ఏ ఊళ్ళో కొట్టు చూడాలి, ఎన్నాళ్ళుండాలి, ఎంత ముడుతుంది అన్నీ అందులో ఉండేవి. గడువు మామూలుగా మూడేళ్ళు. జీతంలో కొంత బయల్దేరకముందే చేతికొచ్చేది. అంటే ఇంటికొచ్చేది. మిగతాది గడువు తీరి, పద్దులు అప్పజెప్పి, తిరిగొచ్చాక. అక్కడ తిండీ పడకా యజమాని ఖర్చు. లాభాలొస్తే చిన్న వాటా. భార్యాపిల్లలు మాత్రం వెంట వెళ్ళేవాళ్ళు కాదు. తొలి తరాల్లో ఆ కులం ఆడవాళ్ళు సముద్రం దాటే ఆచారమే లేదు.

కడుపుతో ఉన్న భార్యను వదిలి వెళ్ళినవాడికి బిడ్డ బారసాల, తొలి అడుగు, పుట్టువెంట్రుకలు అన్నీ ఉత్తరాల్లోనే. తండ్రి పోయినా కబురు అందేసరికి కర్మ అయిపోయేది. ఇది ఏ ఒకరిద్దరి దురదృష్టమో కాదు. ఒక కులం కులమంతా దాదాపు ఎనభై ఏళ్ళపాటు ఇలాగే బతికింది. సంసారాన్ని మూడేళ్ళ ముక్కలుగా కోసుకుని, ఆ ముక్కల మీద బర్మా, మలయా, సింహళం, సైగాన్‌ల దాకా వడ్డీ వ్యాపారం కట్టింది. ఆ వ్యాపారానికి అతి పెద్ద దెబ్బ తగిలింది 1930లో. దూరాన ఉన్న మగవాడికీ ఇంటికీ మధ్య ఉన్న ముడి ఎంత గట్టిదో అప్పుడే బయటపడింది. ఎవరికి ఆ ముడి లేదో కూడా అప్పుడే తెలిసింది.

ఎవరు వీళ్ళు? తమిళనాడులో ఇప్పటి శివగంగ, పుదుక్కోట్టై జిల్లాల్లో పరుచుకున్న మెట్ట ప్రాంతం చెట్టినాడు. చెప్పుకోదగ్గ నది లేదు, పంట లేదు. అక్కడి నాటుకోట చెట్టియార్లు తమను నగరత్తార్లని చెప్పుకుంటారు. ఇళైయాత్తంగుడి, పిళ్ళైయార్‌పట్టి మొదలైన 9 గుళ్ళ కింద వంశాలుగా చీలి ఉంటారు. పదిహేడో శతాబ్దంలో ఉప్పు అమ్ముకుంటూ తిరిగిన వర్తకులు, తర్వాత పత్తి, ధాన్యం, ఆపైన వడ్డీ. 1852 యుద్ధంలో దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుంది. ఐరావతి డెల్టాలో అడవి కొట్టి మళ్ళు చేస్తే బియ్యం ఎంతైనా కొనే లోకం ఉంది. కొట్టేవాడికి ఎద్దులు, విత్తనం, కూలి డబ్బు కావాలి. ఇంగ్లీషు బ్యాంకులు బర్మా రైతు గడప తొక్కవు. చెట్టియారు తొక్కాడు. రెండో ప్రపంచయుద్ధం నాటికి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బియ్యం ఎగుమతి చేసే దేశం బర్మా. ఆ పంట వెనక పెట్టుబడిలో పెద్ద భాగం కారైకుడి, దేవకోట్టై, కానాడుకాత్తాన్ ఊళ్ళది. 1929-30లో బర్మా బ్యాంకింగ్ విచారణ సంఘం లెక్కవేస్తే చెట్టియార్ల కొట్లు సుమారు 1,650, వాళ్ళు తిప్పుతున్న డబ్బు దాదాపు 75 కోట్ల రూపాయలు అని తేలింది. అప్పటి రూపాయలు.

అంత డబ్బు తిప్పేవాడు రంగూన్‌లో ఎలా ఉండేవాడంటే, నేల మీద. మొఘల్ వీధిలో వాళ్ళ కిట్టంగులు ఉండేవి. పొడుగాటి హాలు, వరసగా ఒక్కో కొట్టుకు ఒక్కో పెట్టె, పెట్టె వెనక చాప, వాలుబల్ల. పగలు అదే ఆఫీసు, రాత్రి అదే మంచం. వంట అందరికీ ఒకటే. పెట్టె కాళ్ళ దగ్గర కూర్చుని పని నేర్చుకునే పిల్లవాణ్ణి పెట్టడి పయ్యన్ అనేవాళ్ళు. పది పన్నెండేళ్ళకే వచ్చి, ముప్పావు మూడువీసాలు నోటితో గుణించడం నేర్చి, పెద్దయ్యాక ఏజెంటు అయ్యేవాడు. సెలవుల్లేవు, సరదాల్లేవు. ఉన్న ఒక్క సమాజం దండాయుధపాణి గుడి. చెట్టియారు కొట్టు పెట్టిన చోటల్లా ఆ గుడి వెలిసింది. సింగపూర్‌లోది 1859 నాటిది. పెట్టుబడిదార్ల మధ్య నడిచే వడ్డీ రేటు తేల్చుకోవడానికీ గుడి దగ్గరే కూడేవారు. మొక్కు చెల్లించేదీ, రేటు కట్టేదీ ఒకే మండపంలో. దేవుడి సాక్షిగా కట్టిన రేటు తప్పితే మర్నాడు దర్శనానికి రావడం కష్టం. ఇంతకన్నా గట్టి బ్యాంకు నిబంధన నాకు తెలియదు.

ఒకే ఇల్లు, వేరు పొయ్యి

చెట్టినాడు ఇళ్ళ ఫొటోలు చూడని పాఠకులు ఈ రోజుల్లో తక్కువ. బర్మా టేకు స్తంభాలు, ఇటలీ పాలరాయి, బెల్జియం అద్దాలు, గుడ్డు తెల్లసొన కలిపి రుద్దిన సున్నం గోడలు. సినిమావాళ్ళు కెమెరా పెట్టని మూల లేదు. ఈ వీధిలో ముందు గుమ్మం, ఆ వీధిలో పెరటి గుమ్మం. 2014 నుంచి ఈ ఊళ్ళు ప్రపంచ వారసత్వ స్థలాల ప్రతిపాదిత జాబితాలో ఉన్నాయి. యాత్రికులు టేకు దూలాలు చూసి నోరెళ్ళబెడతారు కానీ, ఆ ఇంటి అసలు తెలివి దూలాల్లో లేదు, గదుల లెక్కలో ఉంది.

మధ్యలో ఆకాశం కనిపించే పెద్ద హజారం. దాని చుట్టూ వరసగా గదులు. పెళ్ళైన ఒక్కో కొడుకుకు ఒక్కో వాటా. ఇల్లు అందరిదీ, ఆస్తి ఉమ్మడిదీ. కానీ పెళ్ళైన కొన్నాళ్ళకే కొత్త జంటను వేరు పెట్టేవాళ్ళు. వేరు పెట్టడమంటే మన ఊళ్ళలోలాగా గొడవపడి గోడ కట్టడం కాదు. అదే ఇంట్లో, అదే చూరు కింద, వేరే పొయ్యి. ఆ జంటకు ఏడాదికి సరిపడా బియ్యం, పప్పు, చింతపండు, ఖర్చుకింత డబ్బు లెక్కగట్టి ఇచ్చేవాళ్ళు. ఆ లోపల ఎలా నెట్టుకొస్తుందో కోడలి సామర్థ్యం. వాళ్ళ భాషలో పెళ్ళైన జంటను పుళ్ళి అంటారు. గుడి చందా కట్టేదీ పుళ్ళి చొప్పునే. జంటలో ఒకరు మొఘల్ వీధిలో చాప మీద ఉన్నారు కాబట్టి, ఊళ్ళో పుళ్ళి అంటే ఆవిడే.

మూడేళ్ళ ఎడబాటును తట్టుకునే ఏర్పాటు ఇందులోనే ఉంది. మొగుడు బర్మా వెళ్ళిన ఇల్లాలు అత్తగారి దయాదాక్షిణ్యాల మీద తింటోందన్న మాట పడనక్కర్లేదు. తన పొయ్యి తనది, తన పద్దు తనది. అలాగని ఒంటరీ కాదు. పక్క గదిలో తోటికోడలు, ఎదురుగా అత్తగారు. తోటికోడలి భర్త సైగాన్‌లోనో పినాంగ్‌లోనో ఉంటాడు. హజారం నిండా అలాంటివాళ్ళే.

ఇక డబ్బు. ఆచ్చి (చెట్టినాట ఇల్లాలిని అలాగే పిలుస్తారు) పుట్టింటి నుంచి తెచ్చుకున్నది ఇత్తడి బిందెలు, వజ్రాల బేసరి మాత్రమే కాదు. ఆమె పేర రొక్కం ఉండేది. ఆ రొక్కం కొట్టులో జమ అయ్యేది, ఆమె ఖాతాకు వడ్డీ పడేది. భర్తగారి కొట్టే కానక్కర్లేదు, పుట్టింటివాళ్ళదో దగ్గరి బంధువులదో కావచ్చు. రంగూన్ పెట్టెలో ఉన్న పెట్టుబడిని విడదీసి చూస్తే యజమాని సొంత డబ్బు కొంత, తోటి చెట్టియార్లిచ్చిన అప్పు కొంత, ఆడవాళ్ళ ధనం కొంత. చెట్టియార్ల బ్యాంకింగ్ మీద పనిచేసిన పరిశోధకులు ఈ స్త్రీధనాన్ని వాళ్ళ వ్యాపారానికి ఒక ముఖ్యమైన ఆధారంగానే గుర్తించారు. అల్లుడు అత్తగారికి భయపడటానికి మనకు తెలిసిన కారణాలు చాలవన్నట్టు, ఇక్కడ వడ్డీ కూడా తోడైంది.

ఇలాంటి బంధాన్ని ప్రేమ అనాలా, షరతు అనాలా? నాకు రెంటికీ మధ్య గీత గియ్యాలని లేదు. పెళ్ళి కూడా అక్కడ తాటాకు మీద ఒప్పందంగా రాసుకునేవాళ్ళు, గుడి నుంచి దండ వస్తేనే చెల్లేది. దూరదేశంలో మోసం చేస్తే ఉద్యోగం ఒక్కటే పోదు. చెల్లెలికి సంబంధం రాదు, గుడిలో పేరు పోతుంది. అందుకే వేల మైళ్ళ అవతల, పక్కన చూసే కన్ను లేకుండా, ఇరవై అయిదేళ్ళ కుర్రవాడి చేతిలో లక్షలు పెట్టి పంపగలిగారు.

పొలాన్ని హుండీ మీద పంపలేం

1930 చివరికి ధాన్యం ధర జారడం మొదలైంది. అమెరికాలో షేర్లు పడి ఏడాదైంది. ఆ గాలి డెల్టాకు చేరేసరికి కోతల కాలం. కొద్ది నెలల్లోనే ధర దాదాపు సగమైంది. రైతు వంద బుట్టలు అమ్మి తీర్చాల్సిన అప్పుకు ఇప్పుడు రెండు వందల బుట్టలు కావాలి. పండింది ఎప్పటిలాగే. వడ్డీకి కూడా చాల్లేదు, అసలు మాట ఎవరెత్తుతారు?

చెట్టియారుకు పొలం మీద కోరిక ఉండేది కాదు. డబ్బు తిరగాలి, అదే అతని ధర్మం. పొలం తిరగదు. అయినా తాకట్టు కాగితాలు తప్ప వసూలు చేసుకోవడానికి రైతు దగ్గర ఇంకేమీ లేవు. దిగువ బర్మాలో వరి ముఖ్యంగా పండే 13 జిల్లాల్లో 1930లో సాగుభూమిలో చెట్టియార్ల చేతిలో ఉన్నది 6 శాతం. 1937 నాటికి 25 శాతం, సుమారు 24 లక్షల ఎకరాలు. కాగితం మీద చూస్తే వాళ్ళు అంత గొప్ప భూస్వాములు ఎప్పుడూ కారు. నిజానికి అంత ఇరుకున కూడా ఎప్పుడూ పడలేదు.

ఎందుకంటే రూపాయిని హుండీ కాగితం మీద ఇంటికి పంపొచ్చు, పొలాన్ని హుండీ మీద పంపలేం. రంగూన్ కొట్టు నుంచి కారైకుడికి వచ్చే సొమ్ము సన్నగిల్లింది. కొట్టులో జమ వేసిన ఆచ్చి రొక్కం, మేనత్త రొక్కం, విధవరాలైన పిన్ని బతుకుతెరువు రొక్కం అన్నీ ఎవరో బర్మా రైతు గట్టు మీదుగా వెళ్ళి మట్టిలో కలిసిపోయాయి. కొంటానంటే అమ్మేస్తారు, కొనేవాడేడీ? కౌలుకిస్తే కౌలూ అరకొరే.

ఈ ఘట్టంలో ఏజెంటు పరిస్థితి ఊహించుకుంటే జాలేస్తుంది. మూడేళ్ళ కింద వచ్చినప్పుడు అతనికిచ్చిన పని అప్పులివ్వడం, వసూలు చెయ్యడం. ఇప్పుడు చేస్తున్నది శిస్తు కట్టడం, కౌలుదారును వెతుక్కోవడం, కోర్టుకు తిరగడం. గడువు తీరాక యజమాని ముందు విప్పాల్సిన పద్దులో లాభం గడి ఖాళీ. వాటా లేదు. కూతురు ఈడుకొచ్చి ఉంటుంది. చెట్టినాడు పెళ్ళిళ్ళంటే సామాన్యం కాదు. స్వీడన్ ఎనామిల్ గిన్నెల నుంచి విసనకర్రల దాకా డజన్ల లెక్కన పెట్టి హజారం నిండా పరిచి చూపే పెళ్ళిళ్ళు. బాగున్న రోజుల్లో తామే పెంచుకున్న ఆ లాంఛనాలు చెడ్డ రోజుల్లో మెడకు చుట్టుకున్నాయి. పరువే వాళ్ళ పూచీకత్తు. పెళ్ళి తక్కువ చేస్తే పరువు తగ్గిందని, పరువు తగ్గితే కొట్టు కదులుతోందని పుకారు, పుకారు పుడితే డిపాజిట్లు వాపసు. ఇంటి ఖర్చు తగ్గించుకోవడం కూడా వ్యాపార నష్టమయ్యే విచిత్రం ఇది.

ఇంత జరిగినా ఆ ఇళ్ళు ఒక్కసారిగా కూలిపోలేదు. వేరు పొయ్యి లెక్కే కాపాడిందని నా అభిప్రాయం. ఏడాది సరుకు ముందే కొలిచి ఇంట్లో పడేసుకునే అలవాటు, ఎండబెట్టిన వడియాలు, ఊరబెట్టిన కాయలు, వాడని బంగారం, పెళ్ళికి ఇచ్చి వాడకుండా మూటగట్టిన గిన్నెలు. నెల జీతం మీద బతికే ఇంటికి నెల తప్పితే దిక్కులేదు. మూడేళ్ళకోసారి లెక్క తేలే ఇంటికి ఓర్చుకోవడం ముందే వచ్చు.

మగవాళ్ళు కూడా చేతులు ముడుచుకు కూర్చోలేదు. బర్మాలో చిక్కుకోని డబ్బును ఇటు మళ్ళించారు. బట్టల మిల్లులు, సిమెంటు, బీమా, సినిమాలు. బర్మా భారతదేశం నుంచి వేరుపడింది 1937 ఏప్రిల్ 1న. దానికి సుమారు ఏడు వారాల ముందు, ఫిబ్రవరి 10న, ఎం.సీటీ.ఎం. చిదంబరం చెట్టియార్ ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు పెట్టారు. ఒకే రోజున మూడు శాఖలు తెరిచారు: మద్రాసు, కారైకుడి, రంగూన్. ఆ మూడు పేర్లు పక్కపక్కన చూడండి. చాప మీద పెట్టె చేసిన పనే, ఈసారి కుర్చీబల్లలతో. ఊరు వదిలి తిరిగే వ్యాపారికీ ఇంటికీ మధ్య కొత్త వంతెన అది. ఆ చిదంబరం చెట్టియారు 1954లో సింగపూర్‌లో దిగుతున్న విమానం కూలి, ప్రయాణంలోనే పోయారు.

సినిమా అన్నాను కదా. కారైకుడిలో గ్రామఫోన్ రికార్డుల కొట్టు నుంచి ఎదిగి, యుద్ధకాలంలో అక్కడే స్టూడియో నడిపి, 1948లో మద్రాసుకు మారిన ఎ.వి. మెయ్యప్పన్ ఈ కులంవారే. మన 'జీవితం', 'భూకైలాస్' ఆ ఏవీఎం గేట్లోంచే వచ్చాయి. 1952 దీపావళికి విడుదలైన 'పరాశక్తి'లోనూ ఏవీఎం భాగస్వామి. అందులో రంగూన్‌లో స్థిరపడ్డ ముగ్గురు అన్నదమ్ములు, మదురైలో ఒక్కగానొక్క చెల్లెలు. పెళ్ళికి అందరూ రావాలనుకుంటే యుద్ధంవల్ల ఓడ టికెట్టు ఒక్కడికే దొరుకుతుంది. కథలో కుటుంబం చెట్టియార్లది కాదు. కానీ టికెట్టు దొరకని అన్నల బాధ చూసి హాల్లో ఎందరు చెట్టినాడువాళ్ళు కళ్ళు తుడుచుకున్నారో లెక్కపెట్టక్కర్లేదు.

మనవాళ్ళ అడ్వాన్సు

ఇక్కడిదాకా చదివి ఇదంతా తమిళుల కథ కదా అనుకుంటే, అదే ఓడరేవులో కింద తక్కెడ దగ్గర నిలబడి ఉన్నది మనవాళ్ళే. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవుల నుంచి స్టీమర్ల డెక్ మీద కూర్చుని రంగం వెళ్ళిన తెలుగువాళ్ళు రంగూన్ రేవు కూలీల్లో అత్యధికులు. గోదావరి మూతి దగ్గరి కోరంగి పేరే అక్కడ కూలీకి మారుపేరైంది.

వీళ్ళకూ బయల్దేరే ముందు అడ్వాన్సు ముట్టేది. చెట్టియార్ కుర్రవాడికి ముట్టిందీ అడ్వాన్సే. తేడా అంతా అందులోనే ఉంది. కారైకుడిలో ఇంటికి చేరిన డబ్బు జీతంలో భాగం, దాన్ని తిరిగి కట్టక్కర్లేదు. శ్రీకాకుళం పల్లెలో మేస్త్రి ఇచ్చింది అప్పు. పాత బాకీ తీర్చడానికి కొంత, టికెట్టుకు కొంత, ఇంట్లో గింజలకు కొంత. రంగూన్‌లో దిగిన రోజు నుంచి కూలిలో మేస్త్రి కోత మొదలు. మేస్త్రి పైన మరో మేస్త్రి, అతని పైన కాంట్రాక్టరు. ఒక్కో చేతిలో కొంత రాలి చివరకు మిగిలేది ఎంతో. రంగూన్‌లో భారతీయ కూలీల బతుకు మీద ఇ.జె.ఎల్. ఆండ్రూ అనే వలస శాఖ అధికారి 1933లో ఒక పుస్తకమే రాశాడు. ఇరుకు లాడ్జింగుల్లో కిక్కిరిసి పడుకునే మనుషులు, ముందస్తు బాకీలు, కోతలు అన్నీ అందులో నమోదయ్యాయి. ఇంటికి ఏజెంటు మూడేళ్ళకు వస్తాడు. కూలీ బాకీ తీరినప్పుడు వస్తాడు.

1930 మే నెలలో ఈ తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కాంట్రాక్టర్లు బర్మా కూలీలను తెచ్చి పనిలో పెట్టారు. కొద్ది రోజులకు రాజీ కుదిరి పాతవాళ్ళను రమ్మన్నారు, కొత్తవాళ్ళను పొమ్మన్నారు. మే 26న రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వందకు పైగా ప్రాణాలు పోయాయి, చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది మన కూలీలే. ధర పడకముందే, మాంద్యం ముదరకముందే, పని చాలదన్న భయానికి పడిన మూల్యం అది. తర్వాతి ఏళ్ళలో రంగూన్‌కు వచ్చేవాళ్ళ కంటే విడిచిపోయేవాళ్ళే ఎక్కువయ్యారు. తిరిగొచ్చి మాత్రం ఏం చేస్తారు? బర్మా నుంచి చవక బియ్యం మద్రాసు రాష్ట్రంలోకి దిగుతుంటే కృష్ణా గోదావరి డెల్టాల్లోనూ ధాన్యం ధర పడిపోయింది. ఇక్కడ పొలంలో పని లేదు, అక్కడ రేవులో పని లేదు. ఒకే ధర రెండు తీరాల్లోనూ కొట్టింది.

మూడో అడ్వాన్సు బర్మా రైతుది. అది చెట్టియారు ఇచ్చిన అప్పు, పూచీ పొలం. మొదట్లో ఇద్దరికీ లాభమే. అడవి మడి అయింది, రైతు కుటుంబం ఎగువ బర్మా నుంచి దిగొచ్చి స్థిరపడింది. 1930 తర్వాత పొలం పోయి అదే పొలంలో కౌలుదారో కూలీనో అయ్యాడు. 1930 డిసెంబరులోనే థారావాడీ జిల్లాలో సయా సాన్ నాయకత్వంలో రైతుల తిరుగుబాటు లేచింది. దాన్ని అణచడానికి ప్రభుత్వానికి ఏడాదికి పైగా పట్టింది. 1931 నవంబరులో సయా సాన్‌ను ఉరి తీశారు. చెట్టినాడు వైభవం గురించి రాసే మనం సాధారణంగా ఈ బర్మా రైతు ఇంటి దగ్గరకు రాకుండానే వెనుదిరుగుతాం. కారైకుడి హజారంలోని ఒక్కో టేకు స్తంభానికీ ఐరావతి ఒడ్డున ఒక అప్పు కాగితం ఉంది. అది రాసిచ్చినవాడికీ భార్యాపిల్లలున్నారు. చెట్టియారు చెడ్డవాడని అనడం నా ఉద్దేశం కాదు. బ్రిటిష్ బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చి రైతుకిచ్చిన మధ్యవాడు అతను, పైనుంచి ఒత్తిడి వస్తే కిందికి నెట్టాడు. అయినా నష్టం ముగ్గురికీ సమానమని చెప్పడం అబద్ధం. చెట్టియారుకు ఇంటి దగ్గర కొలిచిపెట్టిన సరుకు ఉంది, రేవు కూలీకి ఇంటి దగ్గర బాకీ ఉంది, రైతుకు ఇల్లే లేకుండా పోయింది.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. మార్చికల్లా నగరం పడిపోయింది. ఓడ దొరికినవాళ్ళు ఓడలో, దొరకనివాళ్ళు కాలినడకన అరకాన్ మీదుగా, మణిపూర్ కొండల మీదుగా లక్షలాదిగా కదిలారు. దారిలో కలరాకు, మలేరియాకు, ఆకలికి పోయినవాళ్ళు వేలకు వేలు. యుద్ధం తర్వాత కొందరు తిరిగి వెళ్ళారు కానీ పాత బర్మా లేదు. 1948లో స్వతంత్ర బర్మా భూముల జాతీయీకరణ చట్టం తెచ్చింది. మాంద్యం కట్టబెట్టిన లక్షల ఎకరాలు అలా పోయాయి. 1962లో నే విన్ సైన్యం గద్దెనెక్కాక కొట్లూ పోయాయి, 1964లో పెద్ద నోట్లు రద్దయ్యాయి, మిగిలిన భారతీయులు ఉత్త చేతులతో ఓడలెక్కారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు వాళ్ళతో నిండిందే.

మన ఇళ్ళలో ఆ కథ ఇంకో రూపంలో నడుస్తూనే ఉంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి, కోనసీమ నుంచి దుబాయ్, కువైట్ వెళ్ళేవాళ్ళను చూడండి. వీసా కోసం ఏజెంటుకు ఇచ్చే డబ్బు ఇంటి నుంచే పోతుంది. పుస్తెలతాడు కుదువ పెట్టి, వడ్డీకి తెచ్చి. అంటే అడ్వాన్సు ఇంటికి రావడం పోయి, ఇల్లే అడ్వాన్సు కడుతోంది. 2020లో కంపెనీలు మూతపడి, జీతాలు ఆగి, విమానాల కోసం నెలల తరబడి క్యాంపుల్లో పడిగాపులు పడ్డప్పుడు, ఇక్కడ ఇంట్లో వడ్డీ మాత్రం ఆగలేదు. రోజూ వీడియోకాల్‌లో మొహం చూసుకుంటూనే, వాయిదా ఎలా కట్టాలో ఇద్దరికీ తెలియని పరిస్థితి. చెట్టినాడు ఆచ్చికి మొగుడి మొహం మూడేళ్ళు కనిపించకపోయినా తన ఖాతాలో ఎంతుందో తెలుసు. ఈ రెండిట్లో ఏది మేలో ఒక గల్ఫ్ కార్మికుడి భార్యను అడిగితే మనకు నచ్చే జవాబే వస్తుందన్న నమ్మకం లేదు.

తాళం ఎవరి దగ్గర

కారైకుడిలో మునీశ్వరన్ కోవిల్ వీధి అని ఒకటుంది. పాత సామాన్ల కొట్లకు పేరు. ఎనామిల్ గిన్నెలు, బర్మా లక్క డబ్బాలు, అద్దాలు, చెక్కడపు తలుపులు, ఒక్కోసారి ఇంటి స్తంభాలే. దుమ్ము కొట్టుకుపోయిన జర్మన్ గడియారాల పక్కన కొలంబోలోనో రంగూన్‌లోనో తీయించుకున్న మగవాళ్ళ ఫొటోలు ఫ్రేములతో సహా అమ్మకానికి ఉంటాయి. ఎవరి తాతయ్యో కొన్నవాళ్ళకు అక్కర్లేదు. హోటల్ గోడకు వేలాడదీస్తారు.

ఇవి ఇళ్ళు పడగొట్టగా వచ్చినవి. పడగొట్టని ఇళ్ళే ఇంకా చాలా ఉన్నాయి. వాటి చిక్కు వేరు. తాత కట్టిన ఇల్లు కొడుకులకు, వాళ్ళ కొడుకులకు, మునిమనవలకు వాటాలుగా చీలుతూ వచ్చింది. ఇప్పుడు ఒక్కో ఇంటికి పదుల సంఖ్యలో వాటాదార్లు. ఒకరు చెన్నైలో, ఒకరు కోయంబత్తూరులో, ఒకరు సింగపూర్‌లో, ఒకరు న్యూజెర్సీలో. చుట్టూ గదుల్లో ఎవరి గదికి వాళ్ళు వేసిన తాళం. హజారం ఉమ్మడిది, ఊడ్చేది కాపలాదారు. పొంగల్‌కో, ఇంటి పెద్దల పూజకో, పెళ్ళికో మాత్రం వస్తారు. ఎక్కడున్నా పెళ్ళి ఈ ఇంట్లో చెయ్యాలన్న పట్టుదల ఇంకా చాలామందికి ఉంది. ఏటా రిపేర్లకు పుళ్ళి చొప్పున చందా వేస్తారు, వసూలు చేసే బాధ్యత ఏ పెదనాన్నగారి కొడుక్కో పడుతుంది. కప్పు కారుతోందని వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడితే అందరూ అయ్యో అంటారు, డబ్బు మాత్రం సగంమందే పంపుతారు. అమ్మేద్దామంటే అందరి సంతకాలూ కావాలి. ఒక వాటాదారు ఒప్పుకోడు. ఎందుకొప్పుకోవని అడిగితే, ఈ ఇంట్లో నా గది ఉంది కదా అంటాడు. ఆ గదిలో ఆయన పడుకుని ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.